ఆట కొనే మనిషి

ముసలాయన మళ్లీ ఆట కొన్నాడు.

కపోయిరా బడి గురువు, అందరూ మెస్త్రా అని పిలిచే జుసిమారా, విసుగ్గా బెరింబావు వాయిద్యం తీగ మీద పుల్ల ఆపేసింది. పాట ఆగింది. చప్పట్లు ఆగాయి.

పాటకు తగ్గట్టు కాళ్లతో తన్నులు విసురుకునే ఈ బ్రెజిల్ ఆట కపోయిరాలో చుట్టూ నిలబడ్డ మనుషులే బరి. ఇద్దరు ఆడుతుండగా మూడో మనిషి చెయ్యి అడ్డం పెట్టి లోపలికి వస్తే ఒకరు తప్పుకోవాలి. దాన్నే ఆట కొనడం అంటారు. ఎవరైనా కొనొచ్చు. కానీ వాళ్లను కాసేపు ఆడనిచ్చి కొనడం మర్యాద.

ముసలాయన దెర్నివాల్‌కు ఆ మర్యాద తెలియదు. బడిలో చేరలేదు. శుక్రవారం బరి అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి ఏడాదిగా వస్తున్నాడు. ఎప్పుడూ కొత్తవాళ్ల ఆటే కొంటాడు. రెండడుగులు అటూ ఇటూ ఊగి బయటికి వచ్చేస్తాడు.

"పెద్దాయనా, క్లెయూజా బరిలోకి దిగి ఎంతసేపయింది?"

"చూసుకోలేదు మెస్త్రా."

"సగం పాట కూడా కాలేదు. స్కూల్లో పిల్లలకు వండి పెట్టి, రెండు బస్సులు మారి వస్తుందావిడ. కాస్త ఆడనివ్వరా?"

"పొరపాటయింది."

"పోయిన వారమూ పొరపాటే."

పెద్ద విద్యార్థి జోయిల్సన్ నవ్వాడు. "తాతకి వచ్చిందే అదొక్కటి మెస్త్రా. బస్సు ఆపినట్టు చెయ్యి పెట్టడం."

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

జుసిమారాకు నవ్వు రాలేదు. జూన్ పండగలోపు ఇరవైమంది విద్యార్థులు లేకపోతే హాలును ఏరోబిక్స్ వాళ్లకిస్తామని కాలనీ సంఘం తేల్చి చెప్పింది. ఉన్నది పదిహేడుమంది. గోడలకు రంగు వేయించింది. కొత్తవాళ్ల పేర్లు బట్టీ పట్టింది. ఆట అయ్యాక అందరికీ చెరకు రసం పోసింది. అయినా మొన్ననే ఒకావిడ కూతురిని మాన్పించింది. "మూడు వారాలైనా మా పిల్లను ఒక్క ఆటా పూర్తిగా ఆడనివ్వలేదు" అనేసి పోయింది.

తరగతి అయ్యాక గుమ్మం దగ్గర దెర్నివాల్‌ను ఆపింది.

"వచ్చే వారం నుంచి మీరు బరిలో అడుగు పెట్టొద్దు."

ఆయన చెప్పులు వేసుకుంటూ తలెత్తాడు.

"కొత్తవాళ్లవి మాత్రం కొనుక్కోనా?"

"అవే కొనొద్దంటున్నాను."

"అలాగైతే రాలేను మెస్త్రా."

"మీ ఇష్టం."

మరుసటి శుక్రవారం ఆటలు హాయిగా సాగాయి. ఎవరూ అడ్డం రాలేదు. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నానా అని జుసిమారా తనను తానే తిట్టుకుంది.

రెండో వారం బరిలో కాలు తగిలి, పోస్టాఫీసులో పనిచేసే కొత్తమ్మాయికి పెదవి చిట్లింది. మూడో వారం ఇద్దరు రాలేదు. నెల తిరిగేసరికి పదకొండుమంది మిగిలారు.

ఆ సోమవారం క్లెయూజా ఉతికి మడత పెట్టిన బడి చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీరు కూడానా? నేను మీకేం తక్కువ చేశాను?" జుసిమారా గొంతు పెరిగింది.

"మీరేం తక్కువ చేయలేదు మెస్త్రా. నాకే భయం."

"దేనికి?"

"జోయిల్సన్ చెడ్డవాడు కాదు. కానీ ఆట వేడెక్కితే వాడి కాలు వాడి మాట వినదు. నా కాళ్లు తడబడగానే పెద్దాయన మధ్యలోకి వచ్చేవాడు. ఇప్పుడు ఎవరొస్తారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు చూస్తున్నారనుకున్నాం. తర్వాత తెలిసింది, పాడేటప్పుడు మీరు కళ్లు మూసుకుంటారని."



ఆ మధ్యాహ్నమే జుసిమారా ముసలాయన అడ్రసు కనుక్కొని చేపల మార్కెట్ వెనక సందులోకి వెళ్లింది. దెర్నివాల్ తలుపుకు తాళం ఉంది. పక్కింటావిడ అరుగు మీద ఎండురొయ్యలు ఏరుతోంది.

"ఆయనా? పది రోజులైంది. ఇల్లు ఖాళీ చేసి ఫెయిరా ఊళ్లో చెల్లెలి దగ్గరికి పోయాడు. ఇక్కడ పనేం లేదన్నాడు."

"మళ్లీ రాడా?"

"మంచం కూడా అమ్మేశాడమ్మా, ఇంకెక్కడ వస్తాడు?"

జుసిమారా గోడకు ఆనుకుంది.

"ఆట ఎప్పుడు కొనాలో ఆయనకు తెలిసినంత బాగా మా గురువుకు కూడా తెలియదు. ఏ గురువు దగ్గర నేర్చుకున్నాడో మీకేమైనా తెలుసా?"

పక్కింటావిడ చేట కింద పెట్టి ఆమె వైపు వింతగా చూసింది.

"ఆయనకి కపోయిరా రాదమ్మా. కొడుకు ఆడేవాడు. ఈ పేటలోనే ఒక బరిలో తన్ను తగిలి మెడ విరిగి చచ్చిపోయాడు, కన్నతండ్రి పక్కనే నిలబడి చప్పట్లు కొడుతుండగా."