కంటనీరు పెట్టించిన ఫినాయిల్

ప్రకటనలన్నీ యంత్రమే తయారుచేస్తున్న ఆ రోజుల్లో, విశాఖలోని ఆ ఏజెన్సీలో మనిషికి మిగిలిన కొలువు ఒక్కటే: క్రియేటివ్ డైరెక్టర్. యంత్రం చూపించినదానికి ఔననో కాదనో చెప్పాలి, అంతే. సుభద్రకి ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయనకి కుక్కపిల్లలంటే ప్రాణం. యంత్రం ఆ సంగతి పసిగట్టేసింది. ఇంకేముంది, ఏడాదిపాటు సిమెంటు నుంచి పట్టుచీరల దాకా అన్నిటి ప్రకటనల్లోనూ కుక్కపిల్లలే. సరుకు కదల్లేదు, ఆయన ఉద్యోగం ఊడింది.

ఇవాళ ఫినాయిల్ వంతు. తెరమీద సుభద్ర చదువుకున్న హాస్టల్ వరండా, స్నానాల గది ముందు బకెట్ల వరుస, ఫినాయిల్‌తో కడిగిన తడినేల మీద జారిపడి పగలబడి నవ్వుతున్న రూమ్మేట్ కమల. సుభద్ర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇది వద్దు, తీసెయ్," అంది యంత్రంతో.

ఫినాయిల్ కంపెనీ యజమాని సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. "అదేటి మేడమ్‌గోరూ! మీరే ఏడిసేసినారు కదా, ఇంకేటి కావాల?"

"అందుకేనండీ. ఇది నన్ను బుట్టలో వేసుకోవడానికి చేసింది. మీ ఫినాయిల్ కొనేవాళ్ల కోసం కాదు."

యంత్రం చిన్నబుచ్చుకుని ఇంకోటి మొదలెట్టింది.

సాయంత్రం గుమ్మంలో అరడజను ఫినాయిల్ సీసాలు చూసి సుభద్ర మొగుడు గోవింద్ తెల్లబోయాడు. "ఆ యాడ్ తీసేయించానని ఫోన్లో చెప్పావు కదే?"

"తీసేయించాను. అది ఈ లోకంలో ఒక్క మనిషి చేతే కొనిపించగలదు," అంటూ సుభద్ర ఒక సీసా మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూసింది. "ఆవిడ కొనేసింది. ఇంక దాంతో పనేముంది?"