దేవుడి డబ్బా

శనివారం పొద్దున్నే వచ్చిన ముసలామె బియ్యం డబ్బా మూత తీసి చూసింది. అడుగున గుప్పెడు గింజలు కూడా లేవు.

ఆ ఇంటి ఇల్లాలు రెమీ చేతిలో పని ఆపేసింది.

వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వెయ్యాలి. అది దేవుడి వాటా. మిజో క్రైస్తవుల ఇళ్లలో ఎంత లేనివాళ్లైనా ఆ పిడికెడు తియ్యని ఇల్లాలు ఉండదు. వారానికోసారి చర్చి సంఘం ఆడవాళ్లు ఇంటింటికీ వచ్చి పోగుచేసుకుంటారు. ఈ వరస ఇళ్లకు కొత్తగా వచ్చినామె పి దార్థాంగి; పెద్దావిడ కాబట్టి పేరుకు ముందు పి అనాలి, అమ్మగారు అన్నట్టు. కింది వాడలో ఒంటరిగా ఉంటుందని తప్ప ఆమె గురించి రెమీకి ఏమీ తెలియదు.

ఆమె ఉన్న గింజల్ని సంచిలోకి వంపుకుంది. రెమీ పొట్ట వంక చూసింది.

"ఎన్నో నెల?"

"ఐదో నెలండీ."

తలూపి, కొండ మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోయింది.

నిజానికి రెమీ రెండు పూటలా పిడికెడు తీస్తూనే ఉంది. తియ్యడం వరకూ బాగానే ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి ఆకలి ప్రాణాలు తోడేసేది. భర్త పాస్టరు చదువు చదివే సెమినరీ ఇచ్చే బియ్యం ఇద్దరికి సరిపోతాయి, కడుపులో ఉన్న మూడో ప్రాణి సంగతి ఆ పెద్దలకేం తెలుసు? భర్త సియామా తరగతికి వెళ్లాక తలుపు గడియ పెట్టి, రాత్రి వేసిందీ పొద్దున వేసిందీ మళ్లీ తీసి గంజి కాచుకునేది.

తాగుతున్నంతసేపూ భయం. తాగాక ఇంకా భయం.

దేవుడి వాటా తిన్న కడుపు చల్లగా ఉంటుందా? బిడ్డ ఒక పూట కదలకపోతే ఆమెకు పై ప్రాణాలు పైనే పోయేవి. పొట్ట మీద చెయ్యి వేసుకుని, నన్నేమైనా చెయ్యి ప్రభువా, దీన్ని మాత్రం వదిలెయ్యి అని వేడుకునేది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ గంజే.

సియామాకు చెప్పలేదు. అతనిది చివరి ఏడు. స్థానిక సంఘం మంచి మాట రాసిస్తేనే సేవలో చోటు. ఆ ఉత్తరం రాసే ముందు కాబోయే పాస్టరు భార్య ఎలాంటిదని సంఘం అడిగేది ఆడవాళ్లనే. అతనేమో నిశ్చింతగా పుస్తకాల్లో తల దూర్చి, పాస్టరమ్మగారూ కాస్త టీ దయచేస్తారా అని వేళాకోళం చేసేవాడు. ఆ పిలుపు వింటే రెమీకి ఏడుపొచ్చేది.

రెండు వారాలు గడిచాక ఒక ఉపాయం చేసింది. నడుముకు చుట్టుకునే పాత పువాన్ గుడ్డ మడిచి డబ్బా అడుగున కుక్కి, పైన పలచగా బియ్యం పరిచింది.

దార్థాంగి చెయ్యి పెట్టింది. వేళ్లు మధ్యలో ఆగాయి.

గుడ్డ బయటికి తీసి దులిపింది. చక్కగా మడిచి రెమీ చేతిలో పెట్టింది.

"బిడ్డకు దాచిపెట్టుకో."

ఎత్తిపొడుపు కాక ఇంకేమిటి? ఇక ఊరంతా తెలిసిపోతుందని రెమీ ఆ రోజంతా గడప దాటలేదు.

ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. దార్థాంగి మాత్రం శనివారం శనివారం వచ్చి, అడుగున ఉన్నదేదో పట్టుకుపోయేది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఆ మౌనమే చంపేస్తోంది.

తొమ్మిదో నెల వచ్చింది. ఉత్తరం రాసే వారం కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం భర్త పెందలాడే ఇంటికొస్తే, ఇక దాచలేక రెమీ అంతా చెప్పేసింది.

సియామా చేతిలో పుస్తకం పక్కన పెట్టాడు.

"నాతో ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు తినడం మానేస్తావు."

ఇద్దరూ మోకరించారు గాని ప్రార్థన ఎవరి నోటా రాలేదు. చివరికి సియామా, పొద్దున్నే వెళ్లి దార్థాంగి ముందు తప్పు ఒప్పుకుందామని, ఉత్తరం పోతే పోనిమ్మని అన్నాడు.

తెల్లవారగానే ఊరి కబుర్లు చాటే వాడ మైకు మోగింది. పి దార్థాంగి చనిపోయిందట, గుండె ఆగిందట.

రెమీకి ముందు హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

అంత్యక్రియలు ఆ రోజే. ఇద్దరూ దిగి వెళ్లారు. చావింట్లో అడుగు పెట్టగానే ఆడవాళ్ల సంఘం పెద్ద పి బియాకీ తిన్నగా రెమీ దగ్గరికే వచ్చింది. సియామా రెమీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఉత్తరం రాసేశాం, వచ్చి తీసుకెళ్లండి" అంది బియాకీ మెల్లగా. "నీ గురించి వేరే ఎవరినీ అడగక్కర్లేకపోయింది తల్లీ. వట్టి మనిషివి కూడా కావు, అయినా ఒక్క వారం తప్పలేదు. నీ బియ్యం దార్థాంగి విడిగా మూట కట్టి తెచ్చి, ఇది సెమినరీ పిల్లది, పద్నాలుగు పిడికెళ్లూ ఉన్నాయి అని అందరికీ చూపించేది."

సియామా ఏదో చెప్పబోయాడు. ఆగి తల దించుకున్నాడు.

వంటింట్లో పక్కింటావిడ, వచ్చినవాళ్లకు టీ కాచడానికి పొయ్యి రాజేస్తోంది. ఈ పొయ్యి సాయంత్రం పూట వెలిగి నాలుగు నెలలైందని ఎవరితోనో చెబుతోంది.

"ఎందుకు తినవే అని అడిగితే, మనవరాలికి నెలలు నిండుతున్నాయి, ఆ పూట దాని వంతు అనేది. అసలు పిల్లలే లేని మనిషికి ఆ మనవరాలు ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి."