గోతాం మనిషి

విసిరిన రాయి గురి తప్పలేదు.

నెత్తిన కప్పుకొన్న గోతాం జారిపోయింది. నుదురు చిట్లి నెత్తురు కారింది. అయినా ఆ మనిషి చేతికర్ర పైకెత్తి, రోజూ వేసే కేకే మళ్లీ వేశాడు.

"పోండి! ఇటు రాబాకండి! పోండి!"

పిల్లలు కేరింతలు కొడుతూ గట్టెక్కారు.

ఎద్దుల్ని తోలుకొస్తున్న జయరామయ్య అంతా చూశాడు. రాయి వేసింది తన కూతురు ఇందిరే.

"ఏమ్మే, నీదేనా ఆ గురి?" అన్నాడు నవ్వుతూ.

"వాడు పిల్లోళ్లని పట్టుకుంటాడని నువ్వే గదా నాయనా చెప్పినావు!"

"చెప్పినా. ఈసారి కంటికి కొట్టు."

గడ్డిమోపుతో వెనకాలే వస్తున్న పేరమ్మ ఆగింది.

"ఆడబిడ్డకి ఇదా అబ్బయ్యా నువ్వు నేర్పించేది? వాడు నీకేం చేసినాడు?"

"నువ్వూరుకో అత్తా. వంతెన పని నిలిచిపోయింది, కూలోళ్లంతా యాడోళ్లు ఆడికి పోయినారు. వీడొక్కడికే ఆ గుంతల కాడ ఏం పని?"

పేరమ్మ మోపు సర్దుకొని ముందుకు నడిచింది.

కోట ఊరికి పోయే దారిలో, ఉప్పుటేటి మీద వంతెన కడుతున్నారు. స్తంభాల కోసం తవ్విన గుంతలు వానలకు నిండిపోయి పని ఆగింది. స్తంభం నిలవాలంటే అడుగున పసిబిడ్డను బలి ఇవ్వాలట; ఆ బిడ్డను పట్టడానికే గోతాం మనిషి అక్కడ ఉన్నాడట. ఆ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. నమ్మనివాళ్లు మాత్రం ఊళ్లో లేరు. మారాం చేసే పిల్లలకు తల్లులు గోతాం మనిషి పేరు చెప్పి ముద్ద మింగించేవారు.

జయరామయ్య కూడా అలాగే మింగించాడు.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకు, ఇందిర స్నేహితురాలు మస్తానమ్మ రొప్పుతూ చేలోకి పరుగెత్తుకొచ్చింది.

"మామా! ఇందిరని వాడు పట్టుకపోయినాడు!"

"ఏందీ?"

"రాళ్లేసేదానికి పోయినాం. వాడు కర్ర తీసుకొని తరిమినాడు. నేను గట్టెక్కేసినా. ఇందిర గుంతల పక్కకి పరిగెత్తింది. వాడూ దానెనకే పోయినాడు!"

జయరామయ్య చేతిలోకి బాణాకర్ర వచ్చింది. పక్క చేలో పెంచలయ్య గడ్డపార అందుకున్నాడు. కేక విన్నవాళ్లంతా దొరికింది పట్టుకొని వెంటపడ్డారు.

జయరామయ్య గట్టెక్కి కిందికి చూశాడు.

గుంత ఒడ్డున ఆ మనిషి నిలువెల్లా తడిసి ఉన్నాడు. ఇందిర కాళ్లు రెండూ పట్టుకొని, తలకిందులుగా వేలాడదీసి గిరగిరా తిప్పుతున్నాడు. పిల్ల జుట్టు ఇసుకను ఊడుస్తోంది. పిల్ల నోట చప్పుడు లేదు.

"బలిస్తా ఉండాడ్రోయ్!" పెంచలయ్య అరిచాడు.

జయరామయ్య కర్ర వీపు మీద పడింది.

"ఆగండయ్యా... ఇంకొంచెం..."

రెండో దెబ్బ మోకాలి వెనక పడింది. అతను తూలాడు కాని పిల్లను వదల్లేదు.

తల మీదికి వచ్చే దెబ్బకు ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అతను పెట్టుకోలేదు. రెండు చేతులూ పిల్ల కాళ్లనే పట్టుకొని ఉన్నాయి. నెత్తురు కళ్లలోకి కారుతున్నా తిప్పుతూనే ఉన్నాడు.

ఇందిర నోట్లోంచి నీళ్లు బుడబుడమని వచ్చాయి. కొట్టేవాళ్లెవరూ అది చూడలేదు.

అతను మోకాళ్ల మీద కూలబడి, పిల్లను ఇసుకలో మెల్లగా బోర్లా పడుకోబెట్టాడు. ఆ తర్వాతే చెయ్యి పైకెత్తాడు.

అప్పటికే గడ్డపార దిగింది. ఎముక విరిగిన చప్పుడు గట్టు దాకా వినిపించింది. కిందపడ్డాక ఇక ఏ దెబ్బ ఎవరిదో తెలియలేదు.

"ఆపండ్రా పాపిష్టోళ్లారా!" పడుతూ లేస్తూ వచ్చిన పేరమ్మ కర్రలకు అడ్డం పడింది. "వాడు బిడ్డ చేత నీళ్లు కక్కిస్తా ఉండాడ్రా! మునిగినోళ్లని ఇట్టనే గదరా తిప్పేది!"

ఇందిర దగ్గింది. మళ్లీ దగ్గి, కళ్లు తెరిచింది.

ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఆగాయి.

జయరామయ్య కూతుర్ని గుండెకు హత్తుకున్నాడు. "నిన్ను నీళ్లలోకి తోసినాడా తల్లీ? చెప్పు!"

"లేదు నాయనా. దొరికితే బలిస్తాడని నేనే పరిగెత్తి పడిపోయినా. ఆయన దూకి పైకి తెచ్చినాడు."

ఆయన! ఊళ్లో ఆ మనిషిని అలా అన్నది ఆ పిల్ల ఒక్కతే.

జయరామయ్య వంగి అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగల్లేదు.

గొడవ విని అవతలి ఒడ్డు నుంచి వంతెన మేస్త్రీ చెంచురామయ్య పడవలో వచ్చాడు. ఇసుకలో పడి ఉన్న శరీరాన్ని చూసి తలపాగా తీసేశాడు.

"హెబ్రోనూ..."

అతనికో పేరుందని ఊరికి అప్పుడే తెలిసింది.

"మీ మనిషేనా?" జయరామయ్య అడిగాడు.

"మా కూలోడే. పని నిలిచినాక అందరూ పోయినారు. నువ్వూ పోరా అంటే పోలేదు. కూలి ఇయ్యకపోయినా ఈడే ఉంటానన్నాడు."

"ఎందుకు?"

మేస్త్రీ నీళ్లు నిండిన గుంత వైపు చూశాడు.

"మొదటి వానకే వాడి కూతురు అందులో పడి చచ్చిపోయిందయ్యా. మేము ఏటి అవతల పూడ్చినాం. ఇంకెవరి బిడ్డా పడకుండా చూసుకోవాలని, ఆ పొద్దు కాడ్నుంచి వాడు ఈ ఒడ్డునే కాపలా కూర్చున్నాడు."