ఆపరేటరమ్మ బతికే ఉంది

ఏమే మేనకోడలా, కథ చేతికి రాగానే ముందు చివరి వాక్యం చూసేసే నీ దొంగబుద్ధి నాకు తెలీదనుకున్నావా?

చూసుకో. చూసినా నీకు ముక్క అర్థం కాదు. ఈ కథలో బోల్తా పడేది ఒకే ఒక్క మనిషి. నువ్వు కాదులే, కంగారు పడకు.

ఒక రచయిత్రి ఉంది. చరిత్ర పుస్తకాలు అర వాక్యంలో తేల్చేసిన ఆడవాళ్లను వెతికి పట్టుకుని, పిల్లల కోసం వాళ్ల మీద నవలలు అల్లుతుంది. పిల్లలకు ఆమె పేరుతో పనిలేదు, కథలత్త అంటారు.

ఆ ఏడాది పిల్లల మాసపత్రికలో ఆపరేటరమ్మ కథ రాస్తోంది.

ఆపరేటరమ్మ నిజంగా ఉన్న మనిషే. కథలత్త ఇంకా పలక పట్టే వయసులో ఆమె టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసేది. ఒక సాయంత్రం ఎవరికో లైను కలిపింది. హెడ్‌ఫోను తీయడం కాస్త ఆలస్యమైంది. అవతల ఎవరో అధికారి. సమ్మె చేస్తున్న మిల్లు వాళ్ల వీధిని తెల్లారేలోగా తగలబెట్టమని, పెళ్లికి పిలిచినంత మెత్తగా చెబుతున్నాడు.

ఆ వీధి చుట్టుపక్కల ఫోనున్న ప్రతి కొట్టుకీ ఆపరేటరమ్మ గంట కొట్టింది. తెల్లారేసరికి వీధి బూడిదైంది. బూడిదలో మనుషులు మాత్రం లేరు.

సమ్మె నాయకుడికి చరిత్రలో ఒక అధ్యాయం దక్కింది. ఈమెకు దక్కిన అర వాక్యం ఇది: హెచ్చరించిన ఉద్యోగిని తర్వాత నదిలో పడి చనిపోయిందంటారు.

ఆ అధికారి ఎవరో తేలనే లేదు. ఆ గొంతు విన్నది ఆమె ఒక్కతే మరి.

కథలత్తకు నది నచ్చలేదు. పిల్లలు ఏడుస్తారు. అందుకే ఆపరేటరమ్మను ఒడ్డుకు చేర్చి, పేరు మార్చి, వేరే ఊళ్లో బతికించేయాలనుకుంది. 'వచ్చే నెల మీ ఆపరేటరమ్మ నదిలోంచి లేచి వస్తుంది' అని పత్రికలో ప్రకటన కూడా వేయించింది.

ప్రకటన వచ్చిన వారంలోనే, వానలో తడుస్తూ ఒక పెద్దావిడ గుమ్మం ముందు నిలబడింది.

లోపలికి రమ్మంటే రాలేదు. వరండా మూలన ఊచలు విరిగి పడున్న గొడుగు కనబడేసరికి, చతికిలబడి, సంచిలోంచి పట్టకారు తీసి, అడక్కుండానే బాగుచేయడం మొదలుపెట్టింది. బస్టాండు వెనక సందులో తన పని అదేనట. పక్కింటి పిల్లలు నెలనెలా ఆపరేటరమ్మ కథ చదివి వినిపిస్తారట.

కథలత్త మురిసి ముక్కలైంది.

"ఆ పిల్లని చంపెయ్యమ్మా," అంది పెద్దావిడ.

"ఎవర్ని?"

"ఆపరేటరమ్మని. నదిలోనే ఉండనీ. పైకి తేకు."

"అదేంటండీ, పిల్లలు బెంగ పెట్టుకోరూ?"

"నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారు. చచ్చినవాళ్లని ఎవరూ వెతకరు తల్లీ. బతికుందని రాశావో, నీ గుమ్మం కూడా తొక్కుతారు. జాగ్రత్త."

కథలత్త వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది. ఇది బెదిరింపు కాకపోతే మరేమిటి? వీధిని తగలబెట్టించినవాళ్ల తాలూకు మనిషే, గొడుగు వంకన కాపు కాయడానికి వచ్చిందనుకుంది. నా కథలో ఎవరు చావాలో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదని మొహం మీదే అనేసింది.

పెద్దావిడ గొడుగు ఒకసారి తెరిచి చూసి, మూసి, గోడకు ఆనించి వానలోకి వెళ్లిపోయింది.

కథలత్త మొండి ఘటం. అనుకున్నదానికంటే ఇంకో పేజీ ఎక్కువే బతికించింది.

ఆ సంచిక బజార్లోకి వచ్చాక ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్లటి జుట్టు, నలగని చొక్కా, చేతిలో పూలగుత్తి. మనవరాలు ఈ కథ దిండు కింద పెట్టుకుని పడుకుంటోందని చెప్పాడు. ఆ గొంతు వింటుంటే ఎవరికైనా నిద్ర ముంచుకొస్తుంది, అంత హాయిగా ఉంది.

"మీరు చదివి వినిపిస్తే పిల్లలు కదలరండీ," అంది కథలత్త.

ఆయన నవ్వాడు. "ఇంత మంచి ముగింపు. నచ్చనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఇక కథలత్త నోటికి తాళం ఎవరు వేస్తారు? పెద్దావిడ ఎలా కూర్చుందో, ఏమందో, చేతులు తిప్పుతూ ఆడి చూపించింది.

ఆయన కాఫీ కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. ఆ సందు ఎటువైపని అడిగాడు. ఇలాంటివాళ్లను ఊరికే వదలకూడదని, తను మాట్లాడి సర్దుతానని అన్నాడు.

కథలత్తకు కొండంత అండ దొరికినట్టయింది. చినుకులు పడుతుంటే, బాగుచేసిన ఆ గొడుగే ఆయన తల మీద పట్టి, మలుపుదాకా వెళ్లి దారి చూపించి మరీ వచ్చింది.

వారం తిరిగాక, పెద్దావిడకు బుద్ధొచ్చిందో లేదో చూద్దామని, కొత్త సంచిక చంకలో పెట్టుకుని తనే ఆ సందుకు వెళ్లింది.

తాడు మీద గొడుగులు వేలాడుతున్నాయి. వాటి కింద పీట ఖాళీ.

ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన్ని అడిగింది. ఎవరో పెద్దమనిషి కారులో వచ్చి తీసుకెళ్లాడని, అప్పట్నుంచి ఆవిడ జాడ లేదని చెప్పాడు.

"గొడవ పడిందా?"

"లేదమ్మా. ఆయన మెత్తగా పలకరించాడు, అంతే. ఈవిడ పట్టకారు పక్కన పెట్టేసి లేచింది. 'మీ గొంతు ఏం మారలేదు సార్, ఆ రోజు మీ లైను కలిపింది నేనే' అంది."