కన్ను కొట్టే దోమ

"ఇయ్యాల గూడ బొమ్మ ఊగిందనుకో శ్రీలతా, మిషన్ హైదరాబాద్ పోతది, నువ్వు బదిలీ మీద ఎల్లారెడ్డి పోతవు," అన్నాడు పరిశోధన కేంద్రం డైరెక్టర్ దివాకర్.

కామారెడ్డి శివార్లలోని ఆ యూనివర్సిటీ కేంద్రంలో, కోట్లు పోసి కొన్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ను నడిపేది శ్రీలతే. ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చినప్పటి నుంచీ దానికేదో మాయరోగం పట్టుకుంది. దోమ కన్నును వేల రెట్లు పెద్దది చేసి చూపించమంటే, తెర మీద ఆ కన్ను అటూ ఇటూ ఊగుతూ, ఆమెకే కన్ను కొడుతోంది. కంపెనీ మెకానిక్ వచ్చి, మిషన్ భేషుగ్గా ఉంది, చుట్టుపక్కల ఎక్కడో అదురు ఉంది, వెతుక్కోండని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి శ్రీలత ఆ అదురు వెంట పడింది. బోరు మోటారు ఆపించింది. క్యాంటీన్‌లో గ్రైండర్ బంద్ పెట్టించింది. దాంతో ఇడ్లీ, దోసె పోయి అందరికీ రోజూ ఉప్మాయే గతి అయింది, ఆమెను తిట్టుకోనివాడు లేడు. అటెండర్ సంపత్, ఇది అదురు కాదు దిష్టి అని తేల్చేసి, మిషన్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. అయినా దోమ కన్ను కొట్టడం మానలేదు.

పొద్దెక్కాక కమిటీ దిగింది. దానికి పెద్ద, ప్రమీలమ్మ అనే తెల్లజుట్టు ప్రొఫెసర్, ఆమె వెనుక ఇద్దరు మగవాళ్లు. మిషన్ ఇక్కడ ఉండాలో వద్దో తేల్చేది వీళ్లే. శ్రీలత వాళ్లను గోడవారగా నిలబెట్టి, కదలవద్దని బతిమాలింది. డైరెక్టర్‌నైతే గుమ్మం బయటే ఆపేసింది.

"నా ఆఫీసుల నన్నే ఆపుతవా?" అని గొణిగాడాయన.

"మీరు జర బరువున్నరు సార్."

దేవుడికి దండం పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. దోమ కన్ను తెర మీదికి వచ్చింది. గదిలో ఊపిరి చప్పుడు కూడా లేదు. బొమ్మ రాయిలా నిలబడింది. హమ్మయ్య అనుకుని, ఆమె పనిలో పడి మీటలు తిప్పసాగింది. అంతలోనే మొదలైంది. మెల్లగా, ఒక తీరుగా, అటూ ఇటూ.

శ్రీలతకు ఏడుపు ఆగలేదు. "అన్నీ బంద్ చేయించిన మేడం. ఇంకేం జెయ్యాల్నో నాకు తెలుస్తలేదు," అంది.

ప్రమీలమ్మ దగ్గరికి వచ్చింది. వంగి బల్ల కిందికి చూసింది. చెయ్యి చాచి, శ్రీలత కుడి మోకాలిని గట్టిగా అదిమి పట్టింది. తెర మీద దోమ కన్ను టక్కున నిలిచిపోయింది.

"ఇంట్ల ఉయ్యాల తాడు ఈ కాలుకే కట్టుకుంటవు గదా బిడ్డా? పాప ఎప్పుడో పండుకున్నది, ఇగ ఊపుడు ఆపు."