ఓబయ్య తువ్వాలు

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. ఇంతమాత్రం రాయడానికే నెల పట్టింది. గుణింతాలు తప్పితే మన్నించి చదవండి.

"మళ్లీ వచ్చినావా? నాకేమీ తెలీదని రెండుసార్లు సెప్పినాను గదా!" చెనక్కాయలు ఒలుస్తున్న తాయమ్మ చేట పక్కన పెట్టి లేవబోయింది.

మహిత గడప దగ్గరే కూర్చుంది. తిరుపతిలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చేసి, ప్రభుత్వ కరెంటు కంపెనీల మీద పరిశోధన చేస్తున్న పిల్ల.

"ఇంత సదువు సదివి కరెంటు స్తంభాలు లెక్కబెట్టేదేంది పాపా?"

"స్తంభాలు కాదవ్వా, వాటి మీద పోయినోళ్లను. కంపెనీ తన తప్పును ఎవరి మీదికి తోస్తాదో, అదే నా పుస్తకం."

తాయమ్మ మళ్లీ కూర్చుంది.

ఆమె భర్త ఓబయ్య లైను హెల్పరు. పదకొండేళ్ల కిందట కరెంటు కొట్టి స్తంభం మీదే పోయాడు. ఆ పక్క లైన్లలో పైకెక్కేవాడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్చు ఆపి, దాని హ్యాండిల్‌కు తన తువ్వాలు కడతాడు. అది ఉన్నంతసేపూ ఎవరూ కరెంటు వేయరు.

మహిత ఒక కాగితం తీసింది. "'జాగ్రత్త తీసుకోలేదు, తప్పు అతనిదే' అని కంపెనీ రాసుకొనింది. తువ్వాలు లేదు గాబట్టే మోటారు కోసం స్విచ్చు వేసినానని ఆ పక్క పొలం రైతు సెప్పినాడు. తాత నిజంగా మరిసిపోయినాడా?"

"తాగి ఎక్కినాడని గూడా అనిరి ఊళ్లో. ఆ మనిసి సుక్క ముట్టి ఎరగడు."

"మరి ఇన్నేండ్లూ నోరెందుకు మెదపలేదు? సెప్పవ్వా. పుస్తకంలో నీ పేరు రాయను. తాత మీద పడిన మాటైనా పోతాది."

తాయమ్మ లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఎర్ర తువ్వాలు తెచ్చింది. ఉతికి, నాలుగు మడతలు పెట్టి ఉంది.

మహిత కళ్లు మెరిశాయి. "ఆనాటిదేనా? అయితే కట్టినాడన్నమాట! నీ చేతికి యాడిదవ్వా?"

"అన్నం క్యారియరు ఎత్తుకొని పోయినా. స్తంభం చెరుకుతోట అవతల, మనిసి కనపళ్లేదు. స్విచ్చు కాడ ఇదొకటే యాలాడతా ఉండె. అదెందుకు కడతారో, నేను బయపడతానని ఏనాడూ సెప్పలేదు నాకు."

తువ్వాలు ఒళ్లో పెట్టుకుని అంచు సర్దింది.

"మురికిగా ఉండాదే అని నేనే ఇప్పుకొని పోయి, కాలవలో ఉతికినాను పాపా."

— తాయమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది శ్రీకాళహస్తిలో.