పడకగదికి ఎదురు కుర్చీ

ఆరేళ్ళు ఎదురుచూశాక శేషుకుమారికి ఒమాన్ ఫ్యామిలీ వీసా వచ్చింది. అక్కడ ఖబూరా అనే ఊళ్ళో ఇల్లు, సోఫా, కుర్చీ అన్నీ భర్త పనిచేసే కంపెనీవే. తివాచీ మీద కుర్చీ కాళ్ళ గుంటలు నాలుగు, పడకగది తలుపుకి ఎదురుగా ఉన్నాయి. అంతకుముందు ఉన్నవాళ్ళు కుర్చీ అక్కడ వేసుకున్నారు. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి జరిపింది.

చీకటి పడ్డాక వంటింట్లోంచి వచ్చి చూస్తే, కుర్చీ మళ్ళీ ఆ గుంటల్లోనే ఉంది.

"ఏవండీ, మీరు జరిపారా?"

భర్త మూర్తి డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు. "నాకదే పనా?"

"ఇది మూడోసారండీ. ఇల్లు మార్చమని అడగండి."

"ఇది ఇవ్వడమే ఎక్కువ. భయమైతే చెప్పు, శుక్రవారం ఫ్లైటుకి టికెట్ తీస్తాను. ఒంటరిగా ఉండడం నాకు అలవాటే."



"నేనే జరిపి మర్చిపోయుంటాను," అంది.

"అలా చెప్పు మరి," అని అతను బయటికి వెళ్ళాడు.

ఆమె పడకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. హాల్లో కుర్చీ స్ప్రింగు కిర్రుమంది. కూర్చున్నవాళ్ళు లేచినప్పుడు అయ్యే చప్పుడు అది.

మూర్తి కారు ఇంకా గేటు దగ్గరే ఉంది. పిలిస్తే అతనికి వినిపిస్తుంది.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.